బంతిని వదలడం నేర్చుకున్న సీజన్

(పదమూడేళ్ల లోపు పిల్లల ఫుట్‌బాల్ జట్టు సీజన్ ముగిశాక, సికింద్రాబాద్‌లో పిల్లలూ తల్లిదండ్రులూ కలుసుకున్న సభలో జట్టు శిక్షకుడు చేసిన ప్రసంగానికి ఇది అక్షరరూపం. ఆ రోజు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసినది.)

అమ్మలకూ, నాన్నలకూ, ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు తాతయ్యలకూ, ఒక నానమ్మగారికీ నమస్కారం. పిల్లలకు విడిగా నమస్కారం చెప్పడం లేదు. వాళ్లకు నేను రోజూ ఉదయం అయిదున్నరకు చెబుతూనే ఉన్నాను, వాళ్లు ఆరు గంటలకు వచ్చి దాన్ని అందుకుంటూనే ఉన్నారు.

ముందు లెక్క చెప్పేస్తాను, అది తొందరగా అయిపోతుంది. జూలై నుంచి ఫిబ్రవరి దాకా మనం 14 మ్యాచ్‌లు ఆడాం. 4 గెలిచాం, 3 సమం చేసుకున్నాం, 7 ఓడిపోయాం. ఇంతే అయితే ఈ సభ అవసరం లేదు, వాట్సాప్‌లో ఒక సందేశం పెడితే సరిపోయేది. కానీ ఇదే లెక్కను మధ్యకు విరిచి చూడండి. మొదటి ఏడు మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి ఆరు ఓడిపోయాం. తరువాతి ఏడింటిలో మూడు గెలిచి, మూడు సమం చేసి, ఒక్కటే ఓడిపోయాం. పిల్లలు అవే పిల్లలు, మైదానం అదే మైదానం, శిక్షకుడూ, దురదృష్టవశాత్తు, అదే శిక్షకుడు. మరి మధ్యలో ఏం జరిగింది? నేను మాట్లాడదలచుకున్నది దాని గురించి మాత్రమే.

మన మైదానం సంగతి మీకందరికీ తెలుసు, అయినా ఒకసారి కళ్లముందు నిలుపుకోండి. నడిమధ్యలో క్రికెట్ వాళ్ల పిచ్ ఉంది, అది రోలర్ తిరిగి తిరిగి సిమెంటు గచ్చులా బిగుసుకుపోయిన నేల. దానికి రెండడుగుల అవతల గులకరాళ్లతో నిండిన ఎర్రమట్టి. తూర్పు వైపు గోల్ ముందు ఆగస్టు అంతా మోకాలు లోతు కాకపోయినా చీలమండ లోతు నీళ్లు. వినాయక చవితి పందిరి విప్పేశాక మిగిలిన గుంజల గోతులను మనమే, అంటే నేనూ, ఈ ముందు వరుసలోని ఒక తాతయ్యగారూ కలిసి, మట్టి పోసి పూడ్చాం. అటువంటి నేల మీద దొర్లే బంతి ఎటు పోతుందో బంతికే తెలియదు. కాబట్టి పిల్లలు ఏం చేస్తారు? బంతి కాలికి అందగానే దాన్ని విడవరు. ఎందుకు విడవాలి? విడిస్తే అది రాయి మీద ఎగిరి పక్కజట్టు వాడి ఒళ్లో పడుతుంది. కాళ్ల మధ్య దాచుకుని, తల దించుకుని, ఎదురొచ్చిన వాళ్లనందరినీ తప్పించుకుంటూ పోవడమే వాళ్లకు క్షేమంగా తోచింది. అందులో వాళ్ల తప్పు ఏమీ లేదని నేను ఈ రోజు చెబుతున్నాను. జూలైలో అలా చెప్పలేదు. జూలైలో అరిచాను.

ఆ అలవాటుతోనే మనం ఆగస్టు చివర్లో గంటకింత అని అద్దెకిచ్చే ఒక టర్ఫ్ మీద మూడో మ్యాచ్ ఆడడానికి వెళ్లాం. ఫ్లడ్ లైట్లు, పచ్చటి కృత్రిమ గడ్డి, చుట్టూ వల. పిల్లలు లోపలికి అడుగుపెట్టగానే చేతితో గడ్డిని తడిమి చూసుకున్నారు. ఒకడైతే పడుకుని దొర్లాడు కూడా. సగం సమయానికి 4-0, పూర్తయ్యేసరికి 6-0. మనం ఒక్కటి కూడా కొట్టలేదని వేరే చెప్పనవసరం లేదనుకుంటాను. ఆ నేల మీద బంతి మన వాళ్లు అనుకున్నదానికంటే వేగంగా వచ్చింది, పాదానికి తగిలి గజం దూరం ఎగిరింది. ఆ గజంలోనే అవతలి జట్టు పిల్లవాడు దూరిపోయేవాడు. వాళ్లు మనకంటే బలవంతులేమీ కారు. బంతి వచ్చిన క్షణంలోనే దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఖాళీ చోటుకు కదిలేవారు. మన వాళ్లు ఆ బంతి వెంట పరుగెత్తారు. బంతి కంటే వేగంగా పరుగెత్తగలిగే మనిషి ఇంకా పుట్టలేదు కదా.

ఆ ఓటమికి ఇంకొక కారణం కూడా ఉందని రెండు వారాల తరువాత తెలిసింది, అది పూర్తిగా నా ఖాతాలోది. మన జట్టులో ఒక బాబు వాళ్ల నాన్నగారికి టైర్ల పంక్చర్ల దుకాణం ఉంది. ఆయన ఒక ఆదివారం ప్రాక్టీసు చూడడానికి వచ్చి, బంతిని ఒకసారి చేత్తో నొక్కి చూసి, 'సార్, ఇది లారీ టైరులా ఉంది' అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బండిలోంచి గాలి కొలిచే గేజి తెచ్చి సూది పెట్టి చూపిస్తే 18 పౌండ్లు ఉంది. ఆట నిబంధనల ప్రకారం బంతిలో గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలి, అంటే సుమారు ఎనిమిదిన్నర నుంచి పదిహేనున్నర పౌండ్లు. నేను బొటనవేలితో నొక్కి 'సరిపోయింది' అనుకుంటూ రెండు నెలలుగా పిల్లల చేత రాయిని ఆడించాను. రాయి పాదం మీద ఆగుతుందా? ఎగురుతుంది. ఎగిరిన ప్రతిసారీ నేను 'ఫస్ట్ టచ్, ఫస్ట్ టచ్' అని, అంటే మొదటి స్పర్శలోనే బంతిని అదుపు చేయమని, గొంతు చించుకున్నాను. ఆ రోజే మన బంతులన్నింటిలో గాలి 9 పౌండ్లకు తగ్గించాం. ఆ గేజి ఇప్పుడు మన కిట్ బ్యాగులోనే ఉంది, ఆయన తిరిగి తీసుకోనన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. బంతిలో గాలి తగ్గించడం తేలిక, కానీ పిల్లల చేత బంతిని వదిలించడం ఎలా?

ఇక్కడ నేను ఒక పెద్దాయన పేరు చెప్పాలి. సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ అని మన ఊళ్లో ఇప్పటికీ అంటారు. 1909లో పుట్టిన హైదరాబాదీ, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు ఏళ్లు, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఫుట్‌బాల్ పోటీని గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు. ఇక్కడికి కూతవేటు దూరంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జకార్తా జట్టులోని వారే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ కొట్టిన మూడు గోల్స్‌లో రెండు, హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి, ఆయనవే.

ఈ సంగతులు మన నగరంలో ఫుట్‌బాల్ సభ ఎక్కడ జరిగినా చెబుతారు. చెప్పి నిట్టూరుస్తారు. 'ఆ రోజులే వేరు' అంటారు. టీ తాగి వెళ్లిపోతారు. నాకు ఆ నిట్టూర్పు మీద కొంచెం కోపం ఉంది, దాచుకోను. ఎందుకంటే రహీం గారు మనకు వదిలి వెళ్లినవి పతకాలు మాత్రమే కావు, అభ్యాసాలు కూడా. పతకాలు అద్దాల బీరువాలో ఉంటాయి, వాటితో మనం చేయగలిగింది ఏమీ లేదు. అభ్యాసాలను మాత్రం రేపు పొద్దున్నే మైదానంలో పెట్టుకోవచ్చు. ఆయన ఈ నగరంలో డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారు. అంటే బంతిని కాళ్ల మధ్య పెట్టుకుని ఎదుటివాడిని తప్పించుకుంటూ పోవడం కుదరదు, అందుకోగానే ఇచ్చేయాలి. వాటంలేని కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టేవారు. అప్పటి మన ఆటగాళ్లు మహా డ్రిబ్లర్లు, ఒక్కొక్కరు ఒక్కొక్క గారడీవాడు. ఆ గారడీని ఆయన తిట్టలేదు, దండించలేదు. నియమం మార్చారు, అంతే. నియమం మారితే అలవాటు దానంతట అదే దారి వెతుక్కుంటుందని ఆయనకు తెలుసు. మనలో ఎందరం ఇంట్లో పిల్లలతో ఆ పని చేస్తున్నామో మీరే ఆలోచించుకోండి, నేను మైదానం దాటి రాను.

దసరా సెలవులు మనకు కలిసివచ్చాయి. ఊళ్లకు పోయినవాళ్లు పోగా ప్రాక్టీసుకు ఏడుగురే మిగిలారు. ఏడుగురితో మ్యాచ్ ఆడలేం. అందుకని క్రికెట్ పిచ్ పక్కన నాలుగు కోన్‌లు పెట్టి, ముగ్గురు ఒక వైపు, ముగ్గురు ఒక వైపు, ఏడో వ్యక్తి బంతి ఎవరి దగ్గర ఉంటే వారి వైపు అనే ఆట మొదలుపెట్టాం. నియమం ఒక్కటే, రెండు స్పర్శలు. ఒకటి ఆపడానికి, ఒకటి ఇవ్వడానికి. మూడోసారి కాలు తగిలితే బంతి అవతలివాళ్లకు. మొదటి రోజు అరగంటలో బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో నేను లెక్కపెట్టడం మానేశాను. పిల్లలు ఒకరిమీద ఒకరు విసుక్కున్నారు. ఆ ఏడో వ్యక్తి మన ఎడమ డిఫెన్స్‌లో ఆడే అమ్మాయి. మూడో రోజుకల్లా ఆమె బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవడం మొదలుపెట్టింది. నేను నేర్పలేదు. రెండే స్పర్శలు ఉన్నప్పుడు బంతి వచ్చాక ఆలోచించడానికి సమయం ఉండదు, కాబట్టి ముందే చూసుకోవాలి. అది ఆమె కాలు ఆమెకు చెప్పింది. సెలవుల నుంచి తిరిగి వచ్చిన మిగతా పిల్లలు ఆమెను చూసి నేర్చుకున్నారు, నన్ను చూసి కాదు. నిజామాబాద్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈ రోజు భారత మహిళల జట్టులో ఆడుతున్నారు. అమ్మాయిని ఫుట్‌బాల్‌కు పంపడమెందుకని జూన్‌లో నన్ను అడిగిన పెద్దలు ఒకరు ఈ హాల్లోనే ఉన్నారు. వారు ఇప్పుడు ప్రతి మ్యాచ్‌కూ వస్తున్నారు, కాబట్టి పేరు చెప్పను.

తరువాత ఎర్ర మేజోళ్లు. ఇవి మీ ఇళ్లలో కొంత గొడవకు కారణమయ్యాయని విన్నాను. వాటంలేని కాలికి ఎర్ర సాక్సు, రెండో కాలికి తెల్ల సాక్సు వేసుకుని రమ్మన్నాను. మంగళవారాలూ శుక్రవారాలూ ఎర్ర సాక్సుతో ఇచ్చిన పాస్ మాత్రమే లెక్క. ఒక అమ్మగారు ఫోన్ చేసి, 'మా వాడు ఒక ఎర్ర సాక్సు, ఒక తెల్ల సాక్సు వేసుకుని బయలుదేరుతున్నాడు, మతిగానీ పోయిందా' అని అడిగారు. పోలేదండీ. పిల్లలందరూ కుడివాటం వాళ్లే అనుకుని నేను మొదట అందరికీ ఎడమ కాలికే ఎరుపు అన్నాను. ఇద్దరు ఎడమవాటం వాళ్లు ఆ రోజు ఏమీ మాట్లాడకుండా రాజుల్లా ఆడుకున్నారు, మరుసటి వారానికి గానీ నేను పట్టుకోలేదు. వెనక వరుసలో నవ్వుతున్నారే, వాళ్లే ఆ ఇద్దరు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక బాబు గురించి. అతని అనుమతీ, వాళ్ల అమ్మగారి అనుమతీ తీసుకున్నాకే చెబుతున్నాను.

నాలుగో మ్యాచ్. టర్ఫ్ మీద ఓడిపోయిన తరువాతది. మన మిడ్‌ఫీల్డ్‌లో ఆడే ఈ బాబు మన గోల్ ముందే బంతి అందుకుని ముగ్గురిని తప్పించబోయి, మూడోవాడికి పోగొట్టుకున్నాడు. గోల్ అయింది. పన్నెండో నిమిషం. నేను అక్కడికక్కడే అతన్ని బయటికి పిలిచి ఇంకొకరిని పంపాను. అతను వచ్చి మైదానానికి వీపు తిప్పి కూర్చుని, ముగ్గుపిండితో గీసిన గీతను తన బూటు అడుగునున్న స్టడ్స్‌తో గీకుతూ ఉండిపోయాడు. మ్యాచ్ అయ్యేసరికి అక్కడ ఒక అడుగు మేర గీత చెరిగిపోయింది. నేను అది చూశాను, చూసి కూడా ఏమీ అనలేదు. బుద్ధి వస్తుందిలే అనుకున్నాను. నిజంగానే వచ్చింది, నేను అనుకున్న బుద్ధి కాదు. తరువాతి మూడు మ్యాచ్‌లలో అతను ఒక్క తప్పు కూడా చేయలేదు. ఎందుకు చేయలేదు? బంతి తన దగ్గరకు రాని చోటు చూసుకుని నిలబడ్డాడు. ఎప్పుడూ అవతలివాడి వీపు వెనకాలే ఉండేవాడు. దూరం నుంచి చూస్తే చాలా కష్టపడి పరుగెడుతున్నట్టే కనిపించేది. 'వీడు క్రమశిక్షణలో పడ్డాడు' అని నేను మా ఆవిడతో చెప్పాను కూడా. ఆమెకు ఫుట్‌బాల్ తెలియదు. ఒక ఆదివారం మ్యాచ్ చూడడానికి వచ్చి, 'ఆ పిల్లాడు ఎవరి నుంచి దాక్కుంటున్నాడండీ' అని అడిగింది. నా నుంచే.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, ఆ రోజు నిన్ను బయటికి పిలవడం నా తప్పు అని చెప్పాను. పన్నెండేళ్ల పిల్లవాడికి అటువంటి మాట ఎలా చెప్పాలో నాకు చేతకాలేదు, రెండు వాక్యాల్లో ముగించి, వాళ్లమ్మగారు ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. అప్పటి నుంచి తప్పు జరిగిన వెంటనే ఎవరినీ బయటికి పిలవకూడదని నియమం పెట్టుకున్నాను. మార్చాలనుకుంటే పది నిమిషాలు ఆగుతాను. ఆ పది నిమిషాల్లో చాలాసార్లు మార్చాలన్న కోరికే పోతుంది.

నాన్నగార్లూ, మీ వంతు కూడా ఉంది, తప్పించుకోలేరు. టచ్‌లైన్ మీద నిలబడి 'కొట్టు, కొట్టు' అని అరిచే గొంతులు. పిల్లవాడి కాళ్ల దగ్గర బంతి ఉంది, కుడివైపు స్నేహితుడు ఖాళీగా ఉన్నాడు, ఇవ్వబోతున్నాడు, ఇంతలో నాన్న గొంతు 'కొట్టరా' అంటుంది. ఎవరి మాట వింటాడు? కొడతాడు. అది గోడ దాటి రోడ్డు మీద పడుతుంది. బంతి తెచ్చేది కూడా మీ అబ్బాయే. అందుకే నవంబరు నుంచి మిమ్మల్ని అవతలి గోల్ వెనక చెట్టు కింద నిలబడమని వేడుకున్నాను. ఇద్దరు ముగ్గురికి కోపం వచ్చిందని తెలుసు. కానీ మీరు దూరం జరిగాక మైదానంలో ఒక కొత్త శబ్దం వినిపించింది, గమనించారా? పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం. 'ఇధర్ దే', 'వెనక ఉన్నాడు చూడు', 'వదిలెయ్, నేనున్నా'. మూడు భాషల్లో, ఒక్కొక్కసారి ఒకే వాక్యంలో. అంతకు ముందు ఆ మాటలకు మన గొంతుల మధ్య చోటు లేదు.

జనవరిలో ఆ 6-0 జట్టుతోనే, అదే టర్ఫ్ మీద మళ్లీ ఆడాం. 2-2. ఆ రెండు గోల్స్ గురించి పిల్లలు మీకు ఇప్పటికే పదిసార్లు చెప్పి ఉంటారు. ఒకటి కార్నర్ నుంచి అవతలి డిఫెండర్ మోకాలికి తగిలి లోపలికి పోయింది, రెండోది పెనాల్టీ. నేను చెప్పదలచుకున్నది గోల్ కానిది.

రెండో సగంలో, స్కోరు 1-2 ఉన్నప్పుడు, మన గోల్ కీపర్ బంతిని పట్టుకుని బారుగా తన్నకుండా ఎడమ వైపు ఉన్న అమ్మాయికి చేత్తో దొర్లించాడు. ఆమె అప్పటికే వెనక్కి చూసి ఉంది, ఒకే స్పర్శతో లోపలికి ఇచ్చింది. ఎవరికి? ఆ మిడ్‌ఫీల్డ్ బాబుకి. అతను ఆ రోజు ఎవరి వీపు వెనకా లేడు, నడిమధ్యలో, మన గోల్‌కు అంత దగ్గరలో, చెయ్యెత్తి అడిగి మరీ తీసుకున్నాడు. ఇద్దరు మీదికి వచ్చారు. నాకు పన్నెండో నిమిషం గుర్తొచ్చింది, నిజం చెబుతున్నాను, గుండె ఆగింది. అతను వాళ్లను తప్పించబోలేదు. ఎడమ కాలితో పక్కకు ఇచ్చి, ముందుకు కదిలి, తిరిగి తీసుకుని, కుడి వింగ్‌కు పంపాడు. అక్కడి నుంచి ఇంకో రెండు పాస్‌లు. మొత్తం ఏడు. అవతలి జట్టు పిల్లలు ఆగస్టులో మనం పరుగెత్తినట్టే పరుగెత్తారు. ఆఖరి బంతి మన ఫార్వర్డ్ దగ్గరకు పెనాల్టీ గీత మీద చక్కగా వచ్చి ఆగింది. వాడు దాన్ని క్రాస్‌బార్ మీదుగా వల దాటించి అవతలి పార్కింగ్‌లోకి కొట్టాడు.

స్కోరు పుస్తకంలో ఆ నిమిషానికి ఎదురుగా ఏమీ రాసి లేదు. రాయడానికి గడి లేదు. కానీ ఆ ఫార్వర్డ్ తల పట్టుకుని కూర్చుంటే, మిగతా వాళ్లు వాడి మీద విరుచుకుపడకుండా నవ్వుతూ వెనక్కి పరుగెత్తారు. అవతలి జట్టు శిక్షకుడు మ్యాచ్ అయ్యాక వచ్చి చెయ్యి కలిపి, మీ ఆ ఏడు పాస్‌లు ఎలా నేర్పారని అడిగారు. రహీం సాబ్ పేరు చెప్పాను, పంక్చర్ల దుకాణం సంగతీ చెప్పాను. ఆయన నేను వేళాకోళం చేస్తున్నానని అనుకున్నట్టున్నారు.

మిగిలినవి చిన్న విషయాలు. జూన్‌లో పాఠశాలలు తెరిచిన మొదటి ఆదివారం నుంచి ప్రాక్టీసు మళ్లీ మొదలవుతుంది. పదమూడేళ్లు దాటే అయిదుగురు పైజట్టుకు వెళతారు, అక్కడ వాళ్లకు అయిదో నంబరు బంతి, అంటే చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లుండే పెద్ద బంతి ఇస్తారు కాబట్టి వేసవిలో దానితో కొంచెం అలవాటు పడండి. గాలి మాత్రం గేజితోనే కొలవండి, బొటనవేలితో కాదు. వర్షాలు రాకముందే తూర్పు గోల్ ముందు పల్లంలో రెండు ట్రాక్టర్ల మట్టి పోయించాలి, దానికి ఎవరెవరు ఏమివ్వగలరో ఆ తాతయ్యగారి దగ్గర పేరు రాయించండి.

చివరిగా, సీజన్ మొదట్లో 20 పసుపు బిబ్స్, అంటే ప్రాక్టీసులో చొక్కా మీద వేసుకునే చేతుల్లేని పైతొడుగులు, ఇచ్చాను, నిన్న లెక్కపెడితే 17 ఉన్నాయి. ఒకటి ఎవరింట్లోనో స్కూటర్ తుడుస్తోందని నాకు సమాచారం ఉంది. ఉతికి పంపితే చాలు, ఎవరని అడగను.